బల్లమీది యుద్ధానికి నేల కట్టడం

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడ్డారు. క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్ ఒకవైపు, కాన్‌ఫ్లాన్స్ మరోవైపు. ఫోర్డ్‌కు తోడుగా విజయనగరం ఆనందరాజు సేన ఉంది. పోరు మొదలయ్యే వేళకు ఫోర్డ్ దగ్గరున్న ఐరోపా సైనికుల పటాలం ఏపుగా ఎదిగిన ఒక చేను వెనక ఆగి ఉంది. చేనుకు రెండు పక్కలా మైదానంలో నిలబడ్డ సిపాయిలు మాత్రమే ఫ్రెంచివాళ్ల కంటబడ్డారు. సిపాయిలవీ ఎర్ర కోట్లే. ఇంగ్లీషు పటాలం ఇదే కాబోలనుకుని ఫ్రెంచి సేన వాళ్ల మీదికి మళ్లింది. అప్పుడు చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. అంతటితో పోరు ఒక దారికి వచ్చేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేజారింది.

ఈ పోరును బల్లమీద చిన్న బొమ్మలతో ఆడాలనుకుంటే ముందుగా చేసుకోవలసింది సైనికుల్ని కాదు, చేనును. చేను లేకపోతే చందుర్తి లేదు. పచ్చటి గుడ్డ పరిచి రెండు వరసల బొమ్మల్ని ఎదురెదురుగా నిలబెడితే ఆట సాగుతుంది, కానీ అక్కడ ఎవరు ఎందుకు మోసపోయారో ఎన్నడూ అర్థం కాదు.

మినియేచర్ వార్‌గేమింగ్ అనే ఈ వ్యాసంగంలో సీసం మిశ్రమంతోనో ప్లాస్టిక్‌తోనో పోతపోసిన వేలెడంత బొమ్మలకు రంగులు వేసి, కొలబద్దతో దూరాలు కొలుస్తూ, పాచికలతో ఫలితాలు తేలుస్తూ యుద్ధాలు ఆడతారు. బొమ్మల కింద పరిచే కొండలు, వాగులు, ఇళ్లు, గోడలు, అడవులు అన్నిటినీ కలిపి ‘టెరైన్’ అంటారు. దాన్ని ఎలా కట్టాలన్న మాట మీద రెండు వందల ఏళ్లుగా వాదం నడుస్తోంది. నిజమైన నేలలా కనబడాలా, ఆటకు వీలుగా ఉండాలా? అచ్చంగా ఒక చోటును చూపాలా, ఎన్ని ఆటలకైనా పనికొచ్చేలా విడి ముక్కలుగా ఉండాలా? నా దృష్టిలో వీటన్నిటి కింద మరో ప్రశ్న ఉంది. ఆటగాడు బల్లను పైనుంచి, డేగలా చూస్తాడు. సైనికుడు నేలమీద నిలబడి, ఎదుట ఉన్న గట్టు దాకానే చూస్తాడు. ఈ రెండు చూపుల మధ్య దూరాన్ని ఏ నేల తగ్గిస్తుంది? చరిత్రలో వచ్చిన ప్రతి పద్ధతినీ ఈ ప్రశ్నతోనే తూచాలని నా అభిప్రాయం.

మొదటి ప్రయత్నాలు ఆటగాళ్లవి కావు, రాజులవి. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కాలంలో, 1668 నుంచి, సరిహద్దు కోట పట్టణాల నమూనాలు 600వ వంతు కొలతలో తయారయ్యాయి. పారిస్‌లో ఇన్వాలీద్ భవనంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. అవి ముట్టడిని ఆలోచించేందుకు చేసినవే గాని ఆడేందుకు కావు. ఆడేందుకు నేల కట్టిన మనిషి ప్రష్యాకు చెందిన జార్జ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్. 1812లో ఆయన తమ రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక బల్ల సమర్పించాడు. దాని సొరుగుల్లో చదరపు ప్లాస్టర్ పలకలు ఉండేవి. ఒక్కో పలక మీద దారి, నది వంపు, పల్లె, పొలం ముక్క. వాటిని పేర్చుకుంటే ఎప్పటికప్పుడు కొత్త దేశం తయారు. ఈనాటి విడి పలకల టెరైన్ మొత్తానికీ ముత్తాత ఆ బల్లే. బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్ రాజప్రాసాదంలో దాన్ని భద్రపరిచారు. అయితే కొడుకు రైస్విట్జ్ 1824లో ఆటను సంస్కరించినప్పుడు పలకల్ని పక్కనపెట్టి, 8000వ వంతు కొలతలో గీసిన పటాల మీద ఆడించాడు. పటం మడిచి సంచీలో పెట్టుకోవచ్చు, ఏ దండుకైనా పంపవచ్చు. ఆట ప్రష్యా సైన్యమంతా పాకింది. కానీ కొండ మళ్లీ కాగితం మీద గీతై కూర్చుంది.

కొండను కొండగానే చూపాలని పట్టుబట్టినవాడు విలియం సైబోర్న్. ఈ వ్యాసంగంలో ఉన్నవాళ్లంతా ఆయన కథ ఒకసారైనా వినాలి. వాటర్లూ యుద్ధానికి నమూనా చేసే పని ఒప్పుకుని 1830లో ఆ యుద్ధభూమికి వెళ్లి, లా ఏ సాంత్ అనే పొలం ఇంట్లో ఎనిమిది నెలలు ఉండి నేలంతా కొలిచాడు. అక్కడితో ఆగలేదు. పోరులో ఉన్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. మీ దళం ఎక్కడుంది అని మాత్రమే కాదు, మీ ఎదుట పొలంలో ఏ పైరు ఉంది, ఎంత ఎత్తుంది, అప్పటికే తొక్కుడుపడిందా అనీ అడిగాడు. ఎన్నో ఏళ్ల కిందట తొక్కిన పైరు ఎత్తును గుర్తు తెచ్చుకోమనడం అందరికీ వింతగా తోచి ఉండవచ్చు. టెరైన్ కట్టేవాడికి మాత్రం ఆయన అడిగినదే అసలు సంగతి. ఇంకో చిక్కు కూడా ఉంది. యుద్ధం ముగిశాక అక్కడ సింహపు దిబ్బ అనే స్మారకం కట్టడానికి చుట్టుపక్కల మట్టి తవ్వేశారు. దాంతో ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ సేన నిలబడ్డ గట్టే కొంతమేర కిందికి దిగిపోయింది. కళ్లెదుట ఉన్న నేల కూడా సాక్ష్యంగా పూర్తిగా నిలవదని సైబోర్న్‌కు తెలిసింది.

1838లో లండన్‌లో ఆ నమూనా జనం ముందుకొచ్చింది. వైశాల్యం సుమారు 400 చదరపు అడుగులు. దాని మీద డెబ్బై వేలకు పైగా చిన్ని బొమ్మలు. ప్రష్యన్లు ఎక్కడిదాకా వచ్చారో చూపిన తీరు వెల్లింగ్టన్‌కు నచ్చలేదు. చివరికి సైబోర్న్ వేల సంఖ్యలో ప్రష్యన్ బొమ్మల్ని తీసేయవలసి వచ్చింది. అప్పుల్లో కూరుకుపోయాడు. ఆ నమూనా ఇప్పుడు లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. దానిమీద ఏ ఆటా ఆడలేం, ఒక్క బొమ్మనూ కదపలేం. అయినా నేలను ప్రశ్నించే పద్ధతిలో ఆయన్ని మించినవాడు నాకు కనబడలేదు.

ఇక 1913. హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం అచ్చువేశాడు. గది నేలమీద చెక్కదిమ్మెలు, పలకలు, అట్ట ఇళ్లు, తోటలో కోసుకొచ్చిన కొమ్మలు పేర్చి, సీసపు సైనికుల్ని నిలబెట్టి, స్ప్రింగుతో పనిచేసే బొమ్మ ఫిరంగితో చిన్న కర్రముక్కల్ని నిజంగానే పేల్చేవారు. ఇందులో ఒక సంగతిని చాలామంది గమనించకుండా దాటిపోతారు. వెల్స్ ఆటలో ఇంటి చాటున దాగిన సైనికుణ్ని కాపాడింది ఏ నియమమూ కాదు, ఇల్లే. కర్రముక్క గోడకు తగిలి ఆగిపోయేది. ఫిరంగి గురిపెట్టాలంటే పెద్దమనుషులు బోర్లా పడుకుని, సైనికుడి కన్ను ఎత్తుకు తమ కన్ను దించాల్సి వచ్చేది. డేగ చూపు, సైనికుడి చూపు అక్కడ ఒక్కటయ్యాయి.

తర్వాత పేల్చడం పోయి పాచికలు వచ్చాయి. గోడ వెనక ఉంటే పాచికలో ఒక అంకె తగ్గించు అన్నది నియమమైంది. ఆ క్షణం నుంచి గోడ గుర్తుగా మారింది. గుర్తుకు అందం అక్కర్లేదు కదా. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన ‘వార్ గేమ్స్’ ఈ వ్యాసంగాన్ని ఇంగ్లండులో ఇంటింటి ఆటగా మార్చింది. ఆ తరం బల్లలు చూస్తే పచ్చగుడ్డ కింద పుస్తకాలు పెట్టి చేసిన కొండలు, నీలం కాగితం నది, నాచు మొక్కతో చెట్లు. దానిలో హాయి ఉంది, వేగం ఉంది. అమెరికాలో అదే ఏడాది జోసెఫ్ మోర్షాజర్ నేలను గళ్లుగా విడగొట్టి ఆడే పద్ధతిని పుస్తకంలో చూపించాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ ఇంటి నేలమాళిగలో ఇసుకబల్ల ఉండేది. 1971లో వచ్చిన ‘చైన్‌మెయిల్’ ఆటకు, దాని వెంటే పుట్టిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’కు ఆ బల్ల చుట్టూ ఆడిన ఆటలు పునాది. ఇసుక ఎంత చక్కగా ఒంపులు తిరుగుతుందో అంత బరువు. మేడమీది గదికి పనికిరాదు.

గుర్తుల కాలానికి ఎదురు నిలిచినవాడు పీటర్ గిల్డర్. యార్క్‌షైర్‌లో ఆయన నడిపిన వార్‌గేమ్ విడిది కేంద్రంలో ఇసుక, గడ్డి, వాగులు, పొలం గట్లు అన్నీ పలకల్లోనే మలచి, గదంత బల్లమీద పేర్చేవాడు. బొమ్మల పత్రికల్లో ఆ ఫొటోలు చూసిన ఒక తరం బల్ల అంటే అలా ఉండాలనుకుంది. అదే సమయంలో నాటింగ్‌హామ్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 1983లో ‘వార్‌హామర్’ను, 1987లో ‘వార్‌హామర్ 40,000’ను తెచ్చింది. చరిత్రతో పని లేని ఊహాలోకాల ఆటలవి. తొలి రోజుల్లో ఆ కంపెనీ పత్రికే డియోడరెంట్ డబ్బాతో తేలే టాంకును ఎలా చేసుకోవాలో బొమ్మలు వేసి నేర్పింది. చెత్తబుట్టలో పడేసేదాన్ని మరో కంటితో చూడమన్న ఆ నేర్పు నాకు మహా ఇష్టం. కాలక్రమంలో అదే కంపెనీ ప్లాస్టిక్ శిథిలాలు అచ్చుపోసి పెట్టెల్లో అమ్మసాగింది. పని సులువైంది. ఊరూరా బల్లలు ఒకే పోలికకు వచ్చేశాయి.

పోటీ ఆటల సంగతి వేరు. అక్కడ ఇద్దరికీ న్యాయం జరగాలి కాబట్టి నేల కూడా తూకం వేసినట్టు ఉండాలి. ‘వార్‌హామర్ 40,000’ బల్ల చాలాకాలం 6 అడుగులకు 4 అడుగులు ఉండేది. 2020లో వచ్చిన నియమాలు మామూలు స్థాయి పోరుకు కనీసం 60 అంగుళాలకు 44 అంగుళాలు అన్నాయి. దాని మీద ఎల్ ఆకారపు గోడలు ఇటూ అటూ అద్దంలో ప్రతిబింబంలా అమరుతాయి. గెలుపోటములు తేల్చడానికి అది సబబే. కానీ అలాంటి ఊరు ఎక్కడా ఉండదు, అలా కూలిన ఇల్లూ ఉండదు. న్యాయం కోసం ఆ బల్ల చెల్లించిన మూల్యం అది.

ఇక్కడ కొలతల గురించి చెప్పక తప్పదు. కొత్తవాళ్లు అందరూ తడబడేది ఇక్కడే. పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లుండే బొమ్మ నిజమైన మనిషిలో దాదాపు 56వ వంతు. నేలను కూడా అదే కొలతలో కడితే 100 గజాల తుపాకీ దూరం బల్లమీద 5 అడుగుల 4 అంగుళాలు వస్తుంది. అంటే 6 అడుగుల బల్లకు ఈ చివర నిలబడ్డవాడు దాదాపు ఆ చివరివాణ్ని కాల్చగలడు. ఫిరంగి గుండైతే పక్కింటి వసారాలో పడుతుంది. అందుకే మనిషికి ఒక కొలత, నేలకు మరో కొలత వాడతారు. ఒక బొమ్మ 20 మందికి గుర్తు, 3 ఇళ్లు ఒక ఊరికి గుర్తు. వాకిలి ఎత్తు బొమ్మకు సరిపోవాలి, ఇంటి వైశాల్యం మాత్రం కుదించాలి. ఈ అబద్ధాన్ని కంటికి తెలియకుండా చెప్పగలిగినవాడే నేర్పరి. చెట్టు అసలు కొలతలో అడుగున్నర ఎత్తు రావాలి, కానీ అర అడుగు చెట్టు పెడితే కన్ను ఒప్పుకుంటుంది. గడ్డిని మాత్రం ఒప్పుకోదు, మోకాలు దాటితే వెంటనే పట్టేస్తుంది.

ముడిసరుకు మాటకొస్తే మనకు కొత్తదేమీ లేదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో కింది మెట్టు దగ్గర మట్టితో కొండ, అద్దం ముక్కతో చెరువు, రంగువేసిన రంపపు పొట్టుతో పచ్చిక, మూకుట్లో మొలిపించిన ఆవాలతో పైరు మన అమ్మమ్మలు చేసినవే. ఐరోపా రైలు నమూనాలవాళ్లు దశాబ్దాల పాటు గడ్డిగా వాడిందీ రంగు రంపపు పొట్టే. ఇప్పుడు దాని స్థానంలో నైలాన్ పోగులు వచ్చాయి. ఇనుప జల్లెడకు ఎక్కువ వోల్టేజీ విద్యుత్తు ఇచ్చి, తడి జిగురు మీద ఆ పోగుల్ని రాలిస్తే ఒక్కొక్కటీ నిటారుగా నిలబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేలకు రోమాంచమైనట్టు అనిపించింది నాకు.

కొండలకు ఎక్కువమంది వాడేది పాలీస్టైరిన్. మనం థర్మాకోల్ అనేది గింజలు గింజలుగా ఉంటుంది. కట్టర్ పెడితే రాలిపోయి గదంతా ఎగురుతుంది. ఇళ్ల పైకప్పుల్లో వేడి ఆపడానికి వాడే ఎక్స్‌పీఎస్ పలకలు గట్టిగా, ఒకే నేతగా ఉంటాయి. పెన్సిల్‌తో గీస్తే రాతిగోడ, కొత్త బ్లేడుతో కోస్తే కొండచరియ. దొరికితే అవే మేలు. నా మొదటి కొండను థర్మాకోల్‌తోనే చేశాను. రెండు రోజులు చెక్కి, స్ప్రే రంగు కొట్టాను. కళ్లెదుటే అది బుస్సుమంటూ కరిగి గుంతలు పడింది. స్ప్రేలోని ద్రావకం పాలీస్టైరిన్‌ను తినేస్తుందని ఆ రోజు తెలిసింది. ముందుగా ఫెవికాల్‌లో నల్లరంగు కలిపి రెండు పూతలు పూస్తే ఆ బాధ ఉండదు, పైగా అంచులు గట్టిపడతాయి.

కొండ వాలుగా ఉండాలా మెట్లుగా ఉండాలా అన్నది ఎడతెగని తగాదా. వాలు అందంగా ఉంటుంది, కానీ లోహపు బొమ్మలు జారిపడతాయి. మెట్లు కట్టుదిట్టం, కానీ చూడ్డానికి దొంతర పెట్టిన పళ్లేల్లా ఉంటాయి. ఒక పక్క మెట్లు, మరో పక్క వాలు పెట్టి, వాలు మీద జిగురు పూసి సన్న ఇసుక చల్లితే రెండూ దక్కుతాయి. అక్కడ బొమ్మ జారదు. మట్టిని పోరు జరిగిన చోటునుంచే తెచ్చుకోవడం నా అలవాటు. జల్లెడ పట్టి, పురుగులు చచ్చేలా మూకుట్లో వేయించి, ఫెవికాల్ మీద చల్లుతాను. ఆరాక సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు వేసి పైన చిలకరిస్తే లోపలిదాకా ఇంకి రాయిలా బిగుస్తుంది. పైదేశాల డబ్బాల్లో వచ్చే గడ్డి రంగు ఇంగ్లండు వానాకాలపు ఆకుపచ్చ. దాన్ని మన చేలగట్ల మీద వేస్తే కన్ను క్షణంలో పసిగడుతుంది. ముదురు గోధుమరంగు పూసి, ఆరిన కుంచెకు లేతరంగు అంటించి, దాదాపు తుడిచేసి, గరుకు మీద తేలిగ్గా తాటిస్తే ఎండ పడ్డ మట్టి వస్తుంది. డ్రై బ్రష్ అనే ఈ ఒక్క విద్య నేర్చుకుంటే సగం పని వచ్చినట్టే.

నీళ్ల విషయంలో తొందరపడకూడదు. ఎపాక్సీ రెజిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా ఒకేసారి పోస్తే పగులుతుంది, కింది ఫోమ్‌ను కూడా పాడుచేస్తుంది. పలచటి పొరలుగా, ఒకటి బిగిశాక మరొకటి పోయాలి. చాలా వాగులకు అసలు రెజిన్ అక్కర్లేదు, ముదురు రంగు మీద నాలుగు పూతలు మెరిసే వార్నిష్ చాలు.

త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఈ రంగం రూపు మారింది. ఫైలు కొనుక్కుని రాత్రి మిషన్ ఆన్ చేస్తే తెల్లారేసరికి ఇల్లు సిద్ధం. లేజరుతో కోసిన ఎండీఎఫ్ పలకల ఇళ్లూ అంతే. చేతిలో సత్తువ లేనివాళ్లకు, తీరిక లేనివాళ్లకు ఇది వరమే. నేనూ కిటికీలు, బండి చక్రాలు ప్రింటు చేసుకుంటాను. కానీ ఫైళ్లలో దొరికే ఊళ్లు ఎక్కువగా నార్మండీవి, జర్మనీవి, లేదా లేని లోకాలవి. మట్టిగోడ, తాటాకు కప్పు, వీధి అరుగు ఉన్న పద్దెనిమిదో శతాబ్దపు గోదావరి తీరపు ఇల్లు కావాలంటే అట్ట, ఐస్‌క్రీం పుల్లలు, చీపురు ఈనెలు పట్టుకుని కూర్చోవలసిందే.

ఒంటి సంగతి కూడా మరవకూడదు. వేడితీగతో ఫోమ్ కోసేటప్పుడు వచ్చే పొగలో స్టైరిన్ ఉంటుంది. తీగను ఎర్రగా కాల్చకుండా, కిటికీలు తెరిచి కోయాలి. ఎండీఎఫ్, రెజిన్ గీకేటప్పుడు లేచే ధూళికి పలచటి గుడ్డ చాలదు, సరైన మాస్కు కావాలి. ఫోమ్ రజను కాలవల్లో పడకుండా ఊడ్చి సంచిలో కట్టాలి, అది మట్టిలో కలవదు. చిన్న పిల్లలున్న ఇంట్లో అట్ట, కాగితపు గుజ్జు, బెరడు ముక్కలతోనే మొదలుపెట్టమంటాను.

మళ్లీ చందుర్తికి వస్తాను. పోరు వివరాలు రాసిన రాబర్ట్ ఓర్మ్ ఆ చేనులో ఉన్న పైరును ‘ఇండియన్ కార్న్’ అన్నాడు. ఇంగ్లీషు పదం చూసి మొక్కజొన్న అనుకోవచ్చు. ఆ కాలపు గోదావరి పొలాల్లో జొన్నే అయి ఉండాలని నేను తీర్మానించుకున్నాను. ఏదైనా మనిషి మునిగే ఎత్తే. పొట్టి పైర్లకు వార్‌గేమర్లు కొబ్బరిపీచు డోర్‌మాట్ కోసి వాడతారు. గోధుమ చేనులా చక్కగా ఉంటుంది, కానీ దాని పీచు బొమ్మ నడుం దాటదు. జొన్నకు అది చాలలేదు. కొండచీపురు పుల్లల చివర్లు కోసి, పాత డోర్‌మాట్ పీచులోకి జిగురుతో గుచ్చి, వరసలు సాగుచాళ్లలా కుదిరేదాకా మూడు సాయంత్రాలు కూర్చున్నాను. రెండున్నర మీటర్ల జొన్న 56వ వంతులో నాలుగున్నర సెంటీమీటర్లు. ఫోర్డ్ పటాలం సుమారు 500 మంది. ఒక బొమ్మకు 20 మంది లెక్కన 25 బొమ్మలు, రెండు వరసలు, దాదాపు 26 సెంటీమీటర్ల వెడల్పు. చేనును 30 సెంటీమీటర్లు చేశాను. లోపలికి బొమ్మలు నడిచేలా మూడు విడి ముక్కలుగా ఉంచాను.

బొమ్మలు నిలబెట్టి పైనుంచి చూస్తే ఎర్ర కోట్లు స్పష్టంగా కనబడుతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, కాన్‌ఫ్లాన్స్ బొమ్మ వెనక కన్ను బల్ల అంచుకు ఆనించి చూశాను. పటాలం కనబడలేదు. జొన్నచేను, దానికి రెండు పక్కలా సిపాయిలు, అంతే.